పంది జ్వరం వైరస్: జన్యువు వేరైతే టీకా పనిచేయదా?

బెంగళూరు శివార్లలో, హోసకోటె వైపో ఆనేకల్ వైపో, ఒక షెడ్డులో పందులు వరసగా చచ్చిపోయాయంటే ఈమధ్య ముందు వినిపించే ప్రశ్న "కొత్త వేరియంటా?" అని. కోవిడ్ రోజుల్లో అలవాటైన మాట అది. డెల్టా, ఒమిక్రాన్ కథలు విన్నాక, వైరస్ జన్యువులో తేడా కనబడిందంటే రోగం ముదిరిందనీ, టీకా ఇక దండగనీ అనుకోవడం మామూలైపోయింది. అసలు ఆ పందులకు టీకా వేశారా, వేస్తే ఏ వయసులో వేశారు, సీసా ఎంతసేపు ఐసు లేకుండా దారిలో ఉంది అన్న ప్రశ్నలు ఆ తర్వాతెప్పుడో వస్తాయి. ఒక్కోసారి రానే రావు.

క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరస్ విషయంలో ఆ మొదటి అనుమానానికి ఆధారం తక్కువ. ఈ వైరస్‌లో ప్రాంతానికో రకం ఉన్నమాట నిజం. వాటి మధ్య జన్యు తేడాలు చిన్నవేమీ కావు. కానీ ఆ తేడాలు ముఖ్యంగా చెప్పేది వైరస్ ఎటునుంచి వచ్చిందన్న సంగతి. అది ఎంత ప్రాణాంతకం, టీకాకు లొంగుతుందా లేదా అన్నవి వేరే లెక్కలు. పందులకే వచ్చే పీఆర్‌ఆర్‌ఎస్ వైరస్‌లో ఈ లెక్క మారుతుంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌లో ఇంకోలా మారుతుంది. అందుకే జన్యువులో ఎంత తేడా ఉందన్న ప్రశ్ననూ, ఆ తేడా వల్ల ఏం మారుతుందన్న ప్రశ్ననూ విడివిడిగా అడగాలి.

పేరు దగ్గరగా ఉందని దీన్ని స్వైన్ ఫ్లూతో కలపకూడదు. స్వైన్ ఫ్లూ మనుషులకూ సోకే ఇన్‌ఫ్లుయెంజా. క్లాసికల్ స్వైన్ ఫీవర్ పందులకు, అడవి పందులకు వస్తుంది కానీ మనుషులకు రాదు. పందికి మాత్రం చావుబతుకుల వ్యవహారమే. తీవ్రమైన జ్వరం, మేత ముట్టకపోవడం, కళ్ళు ఎర్రబడటం, మందంతా ఒకదానిమీద ఒకటి ముడుచుకుని పడుకోవడం, ముందు మలబద్ధకం ఆ తర్వాత పారుడు, వెనక కాళ్ళు తూలడం, చెవుల మీదా పొట్ట మీదా ఊదారంగు మచ్చలు. 19వ శతాబ్దం తొలి సగంలోనే అమెరికాలోని ఒహైయోలో దీన్ని గుర్తించి హాగ్ కలరా అన్నారు. ఆ దేశం 1978లో దీన్ని పూర్తిగా వదిలించుకుంది. మనకు ఇంకా వదల్లేదు.

వైరస్ జన్యువు ఒకే పోగు ఆర్‌ఎన్‌ఏ. దాదాపు 12,300 న్యూక్లియోటైడ్ల పొడవు. వీటిని అక్షరాలు అనుకుంటే చదవడం సులువు. ఆ వరసను బట్టి 3,898 అమైనో ఆమ్లాలున్న ఒకే పొడవాటి ప్రొటీన్ తయారవుతుంది. అది తెగి 12 ప్రొటీన్లవుతుంది. వాటిలో మనకు ఇక్కడ రెండు ముఖ్యం. ఒకటి వైరస్ పైపొర మీదుండే ఈ-2. పంది శరీరం వైరస్‌ను అడ్డుకోవడానికి తయారుచేసే యాంటీబాడీల్లో ముఖ్యమైనవి దీనిమీదే పనిచేస్తాయి. రెండోది ఎన్‌ఎస్-5బి, జన్యువుకు నకళ్ళు తీసే ఎంజైము. తీసిన నకలును సరిచూసి తప్పులు దిద్దే గుణం దీనికి లేదు. అందుకే ఎక్కడో ఒకచోట అక్షరాలు మారుతూనే ఉంటాయి.

ఆ మార్పుల్లో చాలావాటిని మోసిన వైరస్ బతకదు, కాబట్టి అవి మనకు కనబడవు. కనబడే వాటిలో ఎక్కువ భాగం పైకి ఏ ప్రభావమూ చూపనివి. మూడు అక్షరాలు కలిస్తే ఒక అమైనో ఆమ్లం. మూడో అక్షరం మారినా చాలాసార్లు పాత అమైనో ఆమ్లమే వస్తుంది. అందుకే జీనోటైప్ (జన్యు రకం) 1కీ జీనోటైప్ 2కీ మధ్య అక్షరాల్లో సుమారు 15 శాతం తేడా కనిపిస్తుంటే, ప్రొటీన్ల దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా పది శాతం లోపుకు దిగిపోతుంది. "15 శాతం వేరైన వైరస్" అని హెడ్డింగ్ పెడితే భయమేస్తుంది. పందికి తగిలేది అక్షరాలు కాదు, ప్రొటీన్లు.

ఇక ఈ రకాలను ఎలా విడదీశారన్న సంగతి. 1990లలో మొత్తం జన్యువును చదవడం ఖరీదైన, నెమ్మదైన పని. అందుకని పరిశోధకులు మూడు ముక్కలు ఎంచుకున్నారు: 5 ప్రైమ్ అనే మొదటి చివర నుంచి 150 అక్షరాలు, ఈ-2 జన్యువులో 190, ఎన్‌ఎస్-5బి జన్యువులో 409. మొదటి ముక్క పెద్దగా మారదు, కాబట్టి ఏ ప్రాంతపు వైరస్‌నైనా పట్టుకోవడానికి పీసీఆర్ పరీక్షలో అది బాగా పనికొస్తుంది. అయితే మారని ముక్కతో రకాలను వేరు చేయడం కష్టం. ఆ పనికి ఈ-2, ఎన్‌ఎస్-5బి మేలు. మూడూ కలిపినా 749 అక్షరాలే, అంటే మొత్తం జన్యువులో ఆరు శాతం. ఈ ఆరు శాతం ఆధారంగానే ప్రపంచంలోని వైరస్‌లను 1, 2, 3 అనే జీనోటైప్‌లుగా, వాటిలో మళ్ళీ 1.1, 2.1, 2.2, 3.4 లాంటి ఉపరకాలుగా పంచారు. ఒక్క 2.1లోనే ఏ నుంచి జె దాకా మరిన్ని పాయలు తీశారు. తర్వాత 1,119 అక్షరాల ఈ-2 జన్యువును మొత్తంగా చదివి పోల్చాలని ఈ రోగం పరీక్షలకు యూరప్‌లో ప్రామాణికమైన రిఫరెన్స్ ల్యాబ్ సూచించింది. ఇప్పుడు మొత్తం జన్యువును చదవడం కూడా కష్టం కాదు. అయినా ఒక్క 150 అక్షరాల ముక్కను చూపించి మా జిల్లాలో కొత్త రకం దొరికిందని ప్రకటించే పత్రాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. అలాంటివాటిని కాస్త ఆగి చదవడం మంచిది.

ఏ రకం ఎక్కడుందో చూస్తే భూగోళం పటం కంటే వ్యాపారం పటమే ఎక్కువగా కనబడుతుంది. జీనోటైప్ 3 చాలావరకు తూర్పు ఆసియాది: కొరియా, జపాన్, తైవాన్, థాయిలాండ్. తైవాన్‌లో పాతుకుపోయిన 3.4ను 1990లలో బయటినుంచి వచ్చిన 2.1 తరిమేసింది. యూరప్‌లో ఒకప్పుడు జీనోటైప్ 1 ఉండేది. 1980ల తర్వాత అక్కడ తేలినవి ఎక్కువగా జీనోటైప్ 2 ఉపరకాలే. మధ్య, దక్షిణ అమెరికాల్లో, క్యూబాలో జీనోటైప్ 1 మిగిలింది. మన దేశంలో చాలాకాలం 1.1దే పైచేయి. ఆ తర్వాత 2.2, 2.1 కూడా దొరకడం మొదలైంది. ముఖ్యంగా ఈశాన్య రాష్ట్రాల్లో జీనోటైప్ 2 వాటా బాగా పెరిగింది. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద పందులు 90.6 లక్షలుంటే ఒక్క అస్సాంలోనే 21 లక్షలు. అటు మయన్మార్ సరిహద్దు, ఇటు గువాహటి మార్కెట్. వైరస్‌కు అంతకంటే వీలైన చోటు దొరకదు.

1.1 తగ్గి జీనోటైప్ 2 ఎందుకు పెరుగుతోంది? దీనికి ఒక ఊహ ఉంది. టీకా కోసం వాడే వైరస్ స్ట్రెయిన్లు, అంటే ఒక్కో వైరస్ వంశాలు, దాదాపు అన్నీ జీనోటైప్ 1వి. చైనాలో తయారై లోకమంతా వాడే సి-స్ట్రెయిన్ 1.1 రకమే. టీకా వేసిన మందల్లో టీకాను పోలిన వైరస్‌కు చోటు తగ్గి, పోలనిదానికి కాస్త వెసులుబాటు దొరికి ఉండొచ్చన్నది వాదన. కొట్టిపారేయదగ్గది కాదు. టీకా వేసిన పంది సీరమ్‌ను, అంటే యాంటీబాడీలుండే రక్తపు నీటిని, ల్యాబ్‌లో పరీక్షిస్తే, జీనోటైప్ 2ను ఆపడంలో యాంటీబాడీల బలం కొంచెం తక్కువగా తేలుతుంది కూడా. కానీ సరిగ్గా టీకా వేసిన పందికి జీనోటైప్ 2 వైరస్ ఎక్కించి చూస్తే ఆ పంది చావదు. సీరమ్‌లో కనిపించే తేడా పందిలో కనబడటం లేదు. రోగనిరోధక శక్తి అంటే యాంటీబాడీలు మాత్రమే కాదు కదా. జన్యువులు ఎన్ని రకాలైనా ఈ వైరస్‌కు సీరోటైప్ ఒకటే, అంటే రోగనిరోధక శక్తి కంటికి అన్నీ ఒకే కోవవి.

దీనికి జపాన్‌ను మించిన సాక్ష్యం లేదు. 1992 తర్వాత ఆ దేశంలో ఈ రోగం లేదు. 26 ఏళ్ళ తర్వాత, 2018 సెప్టెంబరులో గిఫు ప్రాంతంలో ఒక ఫారంలో బయటపడింది. జన్యువు చదివితే 2.1 అని తేలింది. జపాన్ పాత వైరస్‌లతో దానికి సంబంధం లేదు, ఖండం మీద ఆసియా దేశాల్లో తిరుగుతున్న వైరస్‌లకు దగ్గరిది. ఫారాలు కడిగారు, పందులను చంపారు, అడవి పందులకు టీకా ఉండలు పెట్టారు. ఆగలేదు. చివరికి 2019 అక్టోబరులో ఫారం పందులకు మళ్ళీ టీకా మొదలుపెట్టారు. ఆ టీకా దశాబ్దాల కిందట అదే దేశంలో తయారైన జీపీఈ-మైనస్ స్ట్రెయిన్. రకం 1.1. కొత్త వైరస్ 2.1, టీకా పాతది, అయినా అది ఇప్పటికీ ఆ దేశానికి ప్రధాన ఆయుధం. 2020 జనవరిలో సముద్రం అవతల ఒకినావా దీవిలోనూ పందులకు ఈ రోగం వచ్చింది. జన్యువును చూస్తే ప్రధాన భూభాగంలో తిరుగుతున్న వైరస్సే. అడవి పంది సముద్రం ఈదుకుంటూ అంత దూరం పోదు. అనుమానం మిగిలిపోయిన తిండి మీదికి, అందులోని మాంసం మీదికి పోయింది. జన్యు తేడాలు అక్కరకొచ్చేది ఇలాంటి చోట్లే.

నెదర్లాండ్స్ అనుభవం ఇంకా ఖరీదైనది. 1997 ఫిబ్రవరిలో మొదలై 429 ఫారాల్లో రోగం తేలింది. రోగం వచ్చినవి, పక్కనున్నవి, అమ్ముడుపోక ఇరుకైపోయినవి అన్నీ కలిపి కోటికి పైగా పందులను చంపారు. అక్కడ దొరికిన 2.1 వైరస్, అంతకుముందు జర్మనీలోని పాడర్‌బోర్న్ ప్రాంతంలో దొరికినదానితో సరిపోయింది. ఆ ప్రాంతం నుంచి తిరిగొచ్చిన పందుల లారీని గడ్డకట్టే చలిలో సరిగా కడగలేదన్నది ఎక్కువగా అనుమానించిన కారణం. సీక్వెన్స్ (చదివిన జన్యు వరస) లేకపోయి ఉంటే ఇరుగుపొరుగు మీద నిందలు వేసుకుంటూ ఉండేవారేమో.

మరి తీవ్రత సంగతి? జీనోటైప్ 1లో బ్రేషియా, షిమెన్ లాంటి ప్రాణాంతక స్ట్రెయిన్లు ఉన్నాయి, పందికి ఏ హానీ చేయని టీకా స్ట్రెయిన్లూ అందులోనే ఉన్నాయి. అంటే జీనోటైప్ నంబరు చూసి రోగం ఎంత తీవ్రమో చెప్పడం కుదరదు. ల్యాబ్ ప్రయోగాల్లో పైపొర ప్రొటీన్లలో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చినా వైరస్ తీవ్రత తగ్గి మెత్తబడింది. క్యూబాలో ఇంకో చిత్రం జరిగింది. అక్కడ ఏళ్ళ తరబడి టీకా వేస్తున్నా రోగం పోలేదు. అలాంటి వాతావరణంలో పినార్ డెల్ రియో అనే స్ట్రెయిన్ ఒకటి దొరికింది. పందిని చంపదు, అంతగా లక్షణాలూ చూపించదు, కానీ శరీరంలో ఉండిపోతుంది. దాని జన్యువు చివర యూరిడిన్ అనే ఒకే అక్షరం వరసగా 36 సార్లు కొత్తగా వచ్చి చేరింది. జీనోటైప్ 1కీ 2కీ మధ్య సుమారు 1,800 అక్షరాల తేడా ఉన్నా వాటి తీవ్రత ముందే చెప్పలేం. ఇక్కడ 36 అక్షరాలు మెత్తబడిన వైరస్‌కు గుర్తుగా నిలిచాయి. తేడా ఎంత పెద్దదన్నది కాదు, ఎక్కడ పడిందన్నది చూడాలి.

మెత్తబడిన వైరస్ మంచిదని మాత్రం అనుకోకూడదు. చూడి పందికి సోకితే అసలు తంటా అప్పుడే. గర్భం 50 నుంచి 70 రోజుల మధ్య ఉన్నప్పుడు సోకితే పిల్లలు వైరస్‌ను తమ శరీరంలో భాగమే అనుకుని దానిమీద యాంటీబాడీలు తయారుచేయవు. పుట్టాక చూడటానికి బాగానే ఉంటాయి. వారాలు, నెలల తరబడి వైరస్‌ను విడుదల చేస్తూ చివరికి పోతాయి. ఈలోగా అలాంటి ఒక ఈత పిల్లలను సంతలో అమ్మేస్తే, కొన్న షెడ్డులో రోగం వచ్చినప్పుడు "మా దగ్గర ఉన్నప్పుడు బాగున్నాయి" అని అమ్మినవాడు అనే మాట అబద్ధం కాదు.

పక్కనే పీఆర్‌ఆర్‌ఎస్ వైరస్‌ను పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. చూడి పందులకు గర్భస్రావాలు, పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ఈ వైరస్‌ను 1991లో నెదర్లాండ్స్‌లోని లెలిస్టాడ్‌లో వేరుచేశారు. ఆ వెంటనే అమెరికాలో ఇంకోటి దొరికింది. రోగం ఒకటే, వైరస్‌లు మాత్రం జన్యుపరంగా సుమారు 60 శాతమే కలుస్తాయి. ఒకే వైరస్‌కు యూరప్ రకం, అమెరికా రకం అని మొదట పేర్లు పెట్టారు. ఇప్పుడు వాటిని రెండు వేర్వేరు జాతులుగానే లెక్కిస్తున్నారు. ఇక్కడ స్ట్రెయిన్ వేరైతే టీకా పని నిజంగానే తగ్గుతుంది. ఒకే రకం లోపల కూడా ఒక స్ట్రెయిన్ టీకా ఇంకో స్ట్రెయిన్‌ను అరకొరగానే ఆపుతుంది. 2006లో చైనాలో ఈ వైరస్ రూపం మార్చుకుని పెద్ద పందులను కూడా చంపింది. ఆ స్ట్రెయిన్‌లో ఎన్‌ఎస్‌పి-2 అనే ప్రొటీన్‌లో 30 అమైనో ఆమ్లాలు లేవు. అదే తీవ్రతకు కారణమని అందరూ అనుకున్నారు. తర్వాత ప్రయోగాల్లో కారణం అది కాదని తేలింది. ఆ లోపం ఇప్పుడు ఆ స్ట్రెయిన్‌ను గుర్తుపట్టడానికి పనికొచ్చే గుర్తు మాత్రమే. 2013లో మిజోరంలో మన దేశపు మొదటి పీఆర్‌ఆర్‌ఎస్ విజృంభణ వచ్చినప్పుడు దొరికిందీ ఆ కోవకు చెందిన వైరస్సే. పుట్టుక తెలిపే గుర్తుకూ, చంపే గుణానికీ సంబంధం ఉండాలని లేదని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ కష్టం.

మళ్ళీ బెంగళూరుకు వద్దాం. క్లాసికల్ స్వైన్ ఫీవర్ మీద దేశంలో ఎక్కువ పని చేసిన ల్యాబ్‌లలో ఒకటి ఇక్కడే ఉంది, యలహంకలోని నివేది, అంటే పశురోగాల వ్యాప్తిని, సమాచారాన్ని అధ్యయనం చేసే జాతీయ సంస్థ. వివిధ రాష్ట్రాల నుంచి వచ్చిన శాంపిళ్ళను జన్యుపరంగా విడదీసి, 1.1దే ఆధిక్యమని చూపిన పరిశోధనల్లో కొన్ని ఇక్కడివే. హెబ్బాళలో పశువైద్య కళాశాల ఉంది. అంటే పరీక్షకు దూరం పోవాల్సిన పనిలేని ఊరు ఇది. పందుల రాకపోకలకు కూడా ఇది కూడలే. కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి పిల్లలు వస్తాయి. కొడగుకు, కేరళకు, గోవాకు మాంసం గిరాకీ ఉంది. షెడ్లు నడిపేవాళ్ళలో, కొని అమ్మే మధ్యవర్తుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు తక్కువేమీ కాదు. సరిహద్దు చెక్‌పోస్టు కాగితాల్లో రెండు రాష్ట్రాలు, వాడుకలో ఒకటే సంత. నగరంలోని హోటళ్ళ మిగులు తిండి డ్రమ్ముల్లో ఈ షెడ్లకు చేరుతుంది. దాణా ఖర్చు తగ్గాలంటే చిన్న రైతుకు ఉన్న దారి అదే. ఆ డ్రమ్ములో పచ్చి పంది మాంసం ముక్కలు పడి ఉంటే, ఉడకబెట్టకుండా పోస్తే, ఒకినావాలో జరిగిందే ఇక్కడా జరగొచ్చు. అరగంటసేపు బాగా మరిగిస్తే ఈ వైరస్ చస్తుంది. కట్టెల ఖర్చు, మనిషి ఖర్చు చూసుకుని చాలామంది ఆ పని మానేస్తారు. వాళ్ళను తప్పుపట్టడం సులువు, చవకగా మరిగించే ఏర్పాటు చూపించడం కష్టం.

టీకా వేసినా రోగం వచ్చిందన్నప్పుడు వైరస్ కంటే ముందు అనుమానించాల్సినవి చాలా ఉన్నాయి. తల్లికి టీకా ఉంటే మొదటి పాల ద్వారా పిల్లలకు యాంటీబాడీలు వస్తాయి. అవి ఉండగా టీకా వేస్తే బతికున్న టీకా వైరస్‌ను అవే చంపేస్తాయి. మరీ చిన్న వయసులో వేసిన సూది వృథా అయ్యేది అందుకే. టీకా వైరస్ చల్లదనం తగ్గితే సీసాలోనే చస్తుంది. పైగా రోగం అప్పటికే మందలోకి వచ్చాక హడావుడిగా వేస్తే, రోగం ముందే సోకిన పందులు టీకా వేసిన రెండు మూడు రోజులకు చనిపోతాయి. "టీకా వేశాకే చచ్చాయి" అన్న మాట పుట్టేది అక్కడే.

టీకా దొరకడం కూడా ఒక సమస్యే. మన దేశంలో దశాబ్దాలుగా వాడింది బ్రిటన్ నుంచి వచ్చిన వేబ్రిడ్జ్ స్ట్రెయిన్‌ను కుందేళ్ళలో పెంచి చేసిన టీకా. ఒక కుందేలును చంపితే 50 డోసులు. దేశానికి ఏటా 2.2 కోట్ల డోసులు కావాలంటే తయారయ్యేవి 12 లక్షలు. ఈ లెక్కలు 2020లో భారత పశువైద్య పరిశోధన సంస్థ (ఐవీఆర్‌ఐ) సెల్ కల్చర్ టీకాను, అంటే ల్యాబ్‌లో పెంచిన కణాల్లో చేసిన టీకాను, విడుదల చేసినప్పుడు ప్రభుత్వమే చెప్పినవి. ఆ కొత్త టీకా దేశీ స్ట్రెయిన్‌తో చేసింది, కుందేళ్ళు అక్కర్లేదు, డోసు ఖర్చు రెండు రూపాయల లోపు. ఇప్పుడు కేంద్రం ప్రధాన రోగాల నియంత్రణ పథకంలో గొర్రెలకు, మేకలకు వచ్చే పీపీఆర్ రోగంతో పాటు ఈ రోగాన్నీ చేర్చింది. 2.2 కోట్లకు 12 లక్షలు అన్న లెక్క పక్కన పెట్టి, రోగం పోకపోవడానికి 2.1 రకాన్ని తప్పుపట్టడం అన్యాయం.

బతికున్న టీకా వైరస్ వాడే చోట సీక్వెన్సింగ్‌కు ఇంకో పని కూడా ఉంటుంది. టీకా వేసిన కొన్ని రోజులకు పంది టాన్సిల్ శాంపిల్‌లో పీసీఆర్ పాజిటివ్ వస్తే అది టీకా వైరస్సా, రోగం వైరస్సా? వేసిన టీకా 1.1 రకమై, దొరికింది 2.2 అయితే తేల్చడం తేలిక. దొరికింది కూడా 1.1 అయితే చిన్న ముక్క చదివి చెప్పేయలేం. చైనా సి-స్ట్రెయిన్‌కు చివరి భాగంలో 12 అక్షరాల ప్రత్యేకమైన చేర్పు ఉంటుంది, దాన్నిబట్టి పట్టుకుంటారు. మిగతా టీకా స్ట్రెయిన్లకైతే పొడవాటి వరస చదవాల్సిందే. 1.1 తిరుగుతున్న చోట్ల ఇది రోజువారీ చిక్కు. టీకా ఎప్పుడు వేశారో శాంపిల్ చీటీ మీద రాయకపోతే ల్యాబ్‌లో ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా జవాబు సగమే వస్తుంది.

చివరిగా ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. లక్షణాలు దాదాపు అవే, పేరులో ఒక్క మాటే తేడా, కానీ వైరస్‌లకు చుట్టరికమే లేదు. 1921లో కెన్యాలో మొదట వర్ణించిన ఈ వైరస్‌ది డీఎన్‌ఏ జన్యువు, దాదాపు 1,90,000 అక్షరాలు. ఆఫ్రికాలో పి-72 అనే ఒక జన్యువును బట్టి 24 జీనోటైప్‌లు లెక్కపెట్టారు. ఈ నంబర్లకూ పైన చెప్పిన క్లాసికల్ రకాల నంబర్లకూ సంబంధం లేదు. ఆ ఖండం దాటి స్థిరపడినవి మాత్రం రెండే: 1957 తర్వాత పోర్చుగల్ మీదుగా యూరప్‌కు వచ్చిన జీనోటైప్ 1, 2007లో జార్జియాలో దిగిన జీనోటైప్ 2. ఆ రెండోదే 2018లో చైనాకు, 2020లో అస్సాం, అరుణాచల్‌లకు, 2022 జులైలో వయనాడ్‌కు చేరింది. డీఎన్‌ఏ వైరస్ కాబట్టి అక్షరాలు నెమ్మదిగా మారతాయి. ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగినా మారినవి కొద్ది. టీకా ఇంకా మన దేశంలో లేదు. వియత్నాంలో అనుమతి పొందినవి జీనోటైప్ 2ను చూసి చేసినవే. 2023లో చైనా పరిశోధకులు 1, 2 కలగలిసిన వైరస్‌లను బయటపెట్టారు. జీనోటైప్ 2 నుంచి చేసిన ప్రయోగాత్మక టీకా వేసిన పందులను ఆ కలగలుపు వైరస్ చంపేసింది. "కొత్త వేరియంటా?" అన్న టెన్షన్‌కు నిజంగా అర్థమున్నది ఇక్కడ.

అయితే ఈ వైరస్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. వయనాడ్ శాంపిలూ, అస్సాం శాంపిలూ దాదాపు ఒకేలా ఉంటే, రోగం వచ్చిన షెడ్డుకు అది ఏ దారిన వచ్చిందో వరసను చూసి చెప్పడం కష్టం. అప్పుడు దర్యాప్తుకు మిగిలేది పిల్లలను ఎవరి దగ్గర కొన్నారు, ఏ లారీలో తెచ్చారు, డ్రమ్ములు ఏ హోటల్‌వి అన్న వివరాలే. పుస్తకం రాసిపెట్టే అలవాటు ఈ వ్యాపారంలో తక్కువ. కానీ ఇప్పుడు చాలామంది డబ్బు ఫోన్‌లోనే పంపుకుంటున్నారు కాబట్టి, ఏ తేదీన ఎవరికి ఎంత ఇచ్చారన్నది వాళ్ళ ఫోన్‌లోనే ఉంటుంది.